మచ్చ పడని ముడి

ఆ వృద్ధుల హోమ్‌లో అందరూ ఆవిణ్ణి టీచరమ్మ అనేవాళ్ళు. చదివింది పదో తరగతి. ఇరవై రెండేళ్ళు ముసలివాళ్ళ వార్డులో ఆయాగా పనిచేసింది. పక్కలు మార్చి, ఒళ్ళు తుడిచి, గోళ్ళు తీసి, చివరికి నడుం పనికి రాకుండా పోయాక, మేట్రన్ గారు ఒక గది, ఒక నల్లబల్ల, పన్నెండు కుర్చీలు ఇచ్చి, కొత్తగా చేరేవాళ్ళకి పని నేర్పమంది. దాంతో ఆయా కాస్తా టీచరమ్మ అయి కూర్చుంది. పిలుపు మారింది గానీ నోరు మారలేదు. "నేను చెప్పేది పుస్తకంలో ఉండదు, పుస్తకంలో ఉన్నది నాకు రాదు. ఇష్టమైతే కూర్చోండి," అని మొదటి రోజే తేల్చి చెప్పేసేది.

శిక్షణ పన్నెండు రోజులు. మొదటి మూడు రోజులూ పక్క వెయ్యడం, స్నానం చేయించడం, తినిపించడం. నాలుగో రోజు గుర్తుల పాఠం. ఆ రోజు ఆవిడ తన ఎడమచెయ్యి బల్ల మీద చాపి, నీలం బాల్‌పెన్నుతో దాని మీదే బొమ్మలు గీసేది. జబ్బ మీద ఒక పక్క నాలుగు చుక్కలు, రెండో పక్క ఒకటి.

"ఇదేంటి?" అనేది. మళ్ళీ తనే చెప్పేది.

"నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు. ఎవరో జబ్బ పట్టుకుని గుంజారు." తర్వాత మణికట్టు చుట్టూ ఒక గీత. "ఇది కట్టేసిన గుర్తు. పడిపోతే మోకాలికి తగులుతుంది, మోచేతికి తగులుతుంది, అరచెయ్యి గీసుకుపోతుంది. చెవి వెనకాల తగలదు. 'పెద్దాయన పడిపోయాడండీ' అని ఎవరైనా చెప్తే, సరే సరే అంటూనే ముందు చెవి వెనకాల చూడండి. కొట్టేవాళ్ళు తక్కువే లెండి. పట్టించుకోనివాళ్ళే ఎక్కువ. గ్లాసు నిండా నీళ్ళుంటాయి, చెయ్యి అందని చోట ఉంటాయి. పెదాలు చూడండి, మడమలు చూడండి, గోళ్ళ సందుల్లో చూడండి. మనిషి చెప్పకపోయినా ఒళ్ళు చెప్తుంది."

ఆ పైన పుస్తకం సంగతి. ప్రతి వార్డులోనూ తలుపు పక్కన దారంతో కట్టిన నోటుపుస్తకం ఒకటి వేలాడుతూ ఉండేది. ఏదైనా కంటపడితే అందులో రాయాలి. రాయడానికి టీచరమ్మ పెట్టిన కట్టుబాట్లు రెండే రెండు. చూసినవాళ్ళే రాయాలి. చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు. "వాడు దుర్మార్గుడు అని రాస్తే అది మీరు అనుకున్నది. చెంప మీద వేళ్ళ అచ్చులు నాలుగు, ఎర్రగా ఉన్నాయి అని రాస్తే అది మీరు చూసింది. మీరనుకున్నది నాకెందుకు?" అనేది.

ఆ విడతలో వచ్చిన పన్నెండు మందిలో నలభై దాటిన మనిషి ఒకావిడ ఉంది. పద్నాలుగేళ్ళు బస్సులో కండక్టరుగా చేసి, ఆ బస్సులు నిలిచిపోయాక ఇటు వచ్చింది. అందరికీ ఆవిడ కండక్టరమ్మే. నేల మీద స్థిరంగా నిలబడి మాట్లాడుతూ కూడా ఒక చెయ్యి పైకెత్తి లేని కడ్డీ పట్టుకోబోయేది. "టికెట్టు తీసుకోనివాణ్ణి మొహం చూసి పట్టేస్తానండీ, వాడు కిటికీలోంచి చూసే చూపే వేరు," అని గొప్పలు పోయేది.

"ఇక్కడ కిటికీలోంచి చూసేవాళ్ళతో బాధ లేదు. అటు చూడ్డం కూడా మానేసినవాళ్ళని పట్టుకో, అప్పుడు ఒప్పుకుంటా," అంది టీచరమ్మ. లోలోపల ఆ మనిషి ఆవిడకి నచ్చింది.

నాలుగో రోజు మణికట్టు చుట్టూ గీత గీస్తుండగా ఆ కండక్టరమ్మే అడిగింది: "గుర్తు పడకుండా కూడా కట్టొచ్చు కదా టీచరమ్మా? కాస్త మెత్తటి గుడ్డతో?"

పెన్ను ఆగింది. "కట్టొచ్చు. అది ఈ పని తెలిసినవాళ్ళకే చేతనవుతుంది," అని, గీత సగంలోనే వదిలేసి మడమల సంగతిలోకి వెళ్ళిపోయింది.

ఒంటిగంట బెల్లు మోగిందంటే టీచరమ్మ ఇక ఆగేది కాదు. మాట మధ్యలో ఉన్నా సరే, సంచీ తగిలించుకుని ఇంటిదారి పట్టేది. పన్నెండు నిమిషాల నడక. హోమ్‌లో అందరికీ భోజనం పెడతారు. అయినా ఈవిడ ఇంటికే పోయేది. "టీచరమ్మకి ఇంటి భోజనం పిచ్చి. అంత రుచిగా ఏం వండుతుందో ఒక్కరోజూ మనకి పెట్టదు," అని వంటగదిలో వాళ్ళు వేళాకోళం ఆడేవాళ్ళు. ఆవిడ నవ్వేసి ఊరుకునేది.

ఇల్లు మందులషాపు పక్క సందులో, రెండో అంతస్తులో, రెండు గదులు. తాళం తీసి లోపలికి వెళ్తే, ఇనపమంచం మీద ఆవిడ అన్నయ్య పడుకుని ఉండేవాడు. ఎడమచెయ్యి మంచం చట్రానికి కట్టి ఉండేది. కట్టింది ఆవిడే.

ఆ కట్టులో తప్పు పట్టడం ఎవరి తరమూ కాదు. పాత నూలు దుప్పటి చింపి, నాలుగు మడతలు పెట్టి, లోపల దూది పరిచి, చర్మానికీ గుడ్డకీ మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు వదిలి కట్టేది. రోజూ ఒకే చోట ఒత్తుకోకుండా ఒకరోజు మణికట్టు మీద, మర్నాడు కాస్త పైకి మార్చేది. మొదట్లో ముడి పైనే వేసింది. జీవితమంతా కుంచె పట్టిన వేళ్ళు కదా, కుడిచేత్తో ఇట్టే విప్పేసుకున్నాడు. దాంతో ముడిని ఆ చెయ్యి అందకుండా మంచం కిందికి మార్చింది. కుడిచేతి పక్కన నీళ్ళసీసా, మూత్రానికి మరో సీసా, తలదగ్గర రేడియో, పైన ఫ్యాను. సాయంత్రం విప్పాక చేతికి నూనె రాసి మెల్లగా రుద్దేది. ఏ గుర్తుల కోసం వెతకాలో పదిమందికి నేర్పే మనిషి, అందులో ఒక్క గుర్తూ పడకుండా ఎలా కట్టాలో తనంతట తనే నేర్చుకుంది. ఆ నేర్పు చూసుకుని, చెప్పడానికి సిగ్గుచేటు గానీ, ఎప్పుడైనా కాస్త గర్వపడేది కూడా.

అలాగని రాతిగుండె మనిషి అనుకుంటే పొరపాటే. అమ్మా నాన్నా ఏడాది తేడాలో పోయేనాటికి అన్నయ్యకి పద్దెనిమిది, ఈవిడకి తొమ్మిది. ఆయన దుకాణాలకి బోర్డులు రాసేవాడు. నిచ్చెన తను మోస్తూ, రంగుడబ్బాలు చెల్లెలి చేతికిచ్చి వీధి వీధీ తిరిగేవాడు. ఆయన పైకెక్కి రాస్తుంటే కింద నిచ్చెన పట్టుకోవడం ఈవిడ పని. "గట్టిగా పట్టుకోవే చంటీ, నేను పడ్డానంటే ఈ పూట ఇద్దరికీ పస్తే," అని పైనుంచి నవ్వేవాడు. చదివించాడు, పెళ్ళి చేశాడు. ఆరేళ్ళకి భర్త పోతే, రెండో మాట లేకుండా మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నాడు. వదిన కూడా ఏనాడూ మొహం ముడుచుకోలేదు. ఆ వదిన పోయి తొమ్మిదేళ్ళయింది. వాళ్ళకీ పిల్లలు లేరు, ఈవిడకీ లేరు. ఆ రెండు గదుల్లో అన్నాచెల్లెళ్ళిద్దరే మిగిలారు.

మూడేళ్ళ కిందట ఆయనకి మతిమరుపు మొదలైంది. ముందు కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు, తర్వాత వదిన పోయిన సంగతి మరిచిపోయాడు. ఒకరోజు చెప్పులైనా లేకుండా బయటపడి, ఏదో బస్సెక్కి ఊరి రెండో చివర దిగిపోయాడు. ఈవిడ కాళ్ళరిగేలా తిరిగి పట్టుకునేసరికి, ఒక వీధిలో నిలబడి దుకాణాల బోర్డులన్నీ వరసగా పైకి చదువుతున్నాడు. తను రాసినవి వెతుక్కుంటున్నాట్ట. ఇంకోరోజు పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టి మంట ఆపడం మరిచిపోయాడు. సరే అని బయట తాళం వేసి వెళ్తే, తలుపు బాది బాది ఇల్లు పీకి పందిరేశాడు. కింద ఇంటివాళ్ళు వచ్చి, ఏంటమ్మా ఈ గోల అని నిలదీశారు. ఎనిమిది నెలల కిందట ఒక ఉదయం, పనికి ఆలస్యమైపోతుంటే, ఇవాళ ఒక్కరోజుకి అనుకుని మొదటిసారి కట్టింది. ఆ ఒక్కరోజు ఎనిమిది నెలలైంది.

మేట్రన్ గారు రెండుసార్లు తనంతట తనే అడిగింది. "మగవాళ్ళ హాల్లో మంచం ఖాళీగా ఉంది, మీ అన్నయ్యని ఇక్కడికి తెచ్చెయ్యరాదూ? రోజూ కళ్ళెదుటే ఉంటారు," అంది. రెండుసార్లూ ఈవిడ, "ఆయనకి ఇల్లు మారితే పడదండీ, ఇంట్లోనే బాగుంటారు," అని తప్పించుకుంది. వినేవాళ్ళకి అది నిజంలాగే ఉండేది.

అసలు సంగతి అది కాదు. ఆయన హోమ్‌కి వెళ్ళిపోతే, సాయంత్రం తాళం తీసుకుని ఎవరూ లేని ఇంట్లోకి అడుగు పెట్టాలి. ఒక్కతే తినాలి, ఒక్కతే గిన్నె కడుక్కోవాలి. ఇప్పుడైతే తలుపు తియ్యగానే, "ఏమే చంటీ, ఇంతసేపేం?" అనే మనిషి ఒకడున్నాడు. పగలంతా ఎవరూ పేరు పెట్టి పిలవని టీచరమ్మ, ఆ ఒక్క గొంతులో చంటి. ఆ పిలుపు పిలిచే నోరు భూమ్మీద ఇంకొకటి లేదు. దాని కోసమే ఆయన్ని కట్టేసి ఉంచుకుంది. ఈ మాట ఆవిడకి తెలుసు. తెలిసినా దాన్ని మనసులో కూడా పైకి రానివ్వలేదు.

పదో రోజున పై ఆఫీసు నుంచి తనిఖీకి ముగ్గురు వచ్చారు. ఎండలు మండిపోతున్నాయి. పదకొండున్నరకి ఆ చుట్టుపక్కలంతా కరెంటు పోయింది. హోమ్‌లో జనరేటరు ఉంది గనక ఇక్కడ ఫ్యాన్లు తిరుగుతున్నాయి. టీచరమ్మ మాత్రం కిటికీలోంచి తన ఇల్లున్న వైపు చూసింది. అక్కడికీ ఇక్కడికీ ఒకటే లైను, ఇంట్లోనూ ఫ్యాను ఆగిపోయి ఉంటుంది.

ఒంటిగంట బెల్లు కొట్టగానే సంచీ అందుకుంది. మేట్రన్ గారు గుమ్మంలోనే ఆపేసింది. "ఎక్కడికండీ? వాళ్ళు మీ పాఠం కోసమే కూర్చున్నారు."

"అరగంటలో వచ్చేస్తానండీ."

"ఒక్కరోజు ఇంటి భోజనం మానేస్తే ఏం మునిగిపోదు. వాళ్ళు మూడింటికల్లా వెళ్ళిపోవాలి. రండి, రండి."

గోడగడియారంలో ఒకటిన్నర అయింది. తనిఖీవాళ్ళు తీరిగ్గా తింటున్నారు. ఊసుపోక మాటిమాటికీ తాగుతాడు గనక నీళ్ళసీసా పన్నెండుకే ఖాళీ అవుతుందని ఆవిడకి తెలుసు. కిటికీలు మూసే వచ్చింది, అరుపులు బయటికి వినపడకుండా. ఫ్యాను లేదు. రెండు కావస్తోంది. ఎవరినైనా పంపాలి. పంపితే వాళ్ళు చూస్తారు. చూస్తే, పదిమందికి నీతులు చెప్పే మనిషి బతుకు బజార్న పడుతుంది. పంపకపోతే? ఆ ప్రశ్న దగ్గర ఆవిడ ఇక నిలబడలేకపోయింది. కండక్టరమ్మ చెయ్యి పట్టుకుని దుప్పట్లు పెట్టే గదిలోకి లాక్కెళ్ళింది.

"నాకో పని చేసిపెట్టాలి. మందులషాపు పక్క సందులో రెండో అంతస్తు. మా అన్నయ్య ఉంటాడు. ముందు కిటికీలు తియ్యి. నీళ్ళు పట్టు. గిన్నెలో అన్నం ఉంది, పెట్టు."

"అలాగే. తలుపు ఆయన తీస్తారా?"

"తియ్యడు." తాళంచెవి చేతిలో పెట్టింది. "మంచం కింద, ఎడమపక్కన, ముడి ఉంటుంది. దాన్ని విప్పు."

"ఏం ముడి?" అంది కండక్టరమ్మ. మొహం చూసి మనిషిని పట్టేస్తానని గొప్పలు పోయిన ఆ కండక్టరమ్మ, ఎదురుగా ఉన్న మొహం చూసి, మరి ఏమీ అడక్కుండా తాళంచెవి పిడికిట్లో బిగించి పరిగెత్తింది.

ఇక్కడ టీచరమ్మ తనిఖీవాళ్ళ ముందు ఎడమచెయ్యి చాపి, నాలుగు చుక్కలు పెట్టి, మణికట్టు చుట్టూ గీత గీసింది. ముగ్గురిలో పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, "అద్భుతమండీ, ఇలా నేర్పేవాళ్ళు మాకెక్కడా కనపళ్ళేదు," అన్నాడు. ఆవిడకి తన కాళ్ళ కిందే భూమి చీలితే బాగుండుననిపించింది.

ఆ పూట కండక్టరమ్మ తిరిగి రాలేదు. తనిఖీవాళ్ళు మూడింటికి కాదు, అయిదింటికి కదిలారు. టీచరమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. అన్నయ్య కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. తల దువ్వి ఉంది. కండక్టరమ్మ స్టూలు మీద కూర్చుని, మంచం మీది దూదిగుడ్డని మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"నేనొచ్చేసరికి పక్కంతా చెమటకి తడిసిపోయింది," అంది గొంతు తగ్గించి. "రెండు గ్లాసులు గటగటా తాగేశారు. అన్నం తిన్నారు. తిన్నాక ఏం చేశారో తెలుసా టీచరమ్మా? నేనేం చెప్పకుండానే వెళ్ళి పడుకుని, ఎడమచెయ్యి నాకిచ్చారు. కట్టుకో అన్నట్టు."

టీచరమ్మకి తెలుసు. మూడు నెలలుగా ఆయన ఆ చెయ్యి అలాగే ఇస్తున్నాడు. పెనుగులాట మానేశాడు, అలవాటు పడ్డాడు, పోనీలే పాపం అని ఈవిడ సంతోషించింది కూడా. ఇప్పుడు అదే మాట ఇంకొకరి నోట వింటుంటే, ఆ చెయ్యి వైపు చూడలేకపోయింది.

"చెయ్యంతా తిప్పి తిప్పి చూశా. ఒక్క గుర్తూ లేదు."

"ఉండదు."

"నాలుగో రోజు నేనడిగింది…"

"అవును. అప్పుడే నీకు చెప్పెయ్యాల్సింది."

కండక్టరమ్మ ముక్కు చీది లేచింది. "నేనేం రాయను లెండి. నేను చూసిందేముంది, ఒక గుడ్డముక్క. ప్రాణం పెట్టి చూసుకుంటున్నారని ఇల్లు చూస్తేనే తెలుస్తోంది. మీరు కూడా మనిషే కదా," అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

దారి దొరికింది. నోరు మూసుకుంటే చాలు, రేపటి నుంచి ఏదో ఒక ఏర్పాటు చేసుకోవచ్చు. ఆవిడ గిన్నెలు సర్ది అన్నయ్య పక్కన కూర్చుంది. ఆయన హుషారుగా ఉన్నాడు. "చంటీ, ఆ వచ్చినావిడ ఎవరే? మంచి మనిషి. నన్ను కిందికి తీసుకెళ్ళింది. సందు చివరిదాకా వెళ్ళాం. బోర్డులన్నీ చదివా. మందులషాపు వాడు ఒత్తులు సరిగ్గా రాయించలేదే, ఎవడు రాశాడో గానీ," అన్నాడు.

ఎన్ని నెలలైందో ఆయన్ని కిందికి దింపి. ఆవిడ లెక్కపెట్టబోయి మానేసింది. తనకి కావలసిన మాట ఆయన నోట్లోంచి రావడానికి, ఆయనకి కావలసిన వీధి మొత్తం తను లాగేసుకుంది. ఆయన బోర్డుల గురించి చెప్తూనే ఉన్నాడు. ఈవిడ మొహం పక్కకి తిప్పుకుని ఏడ్చింది.

మర్నాడు ఉదయం హోమ్‌కి వెళ్ళగానే వార్డు తలుపు పక్కన పుస్తకం తిప్పి చూసింది. నిన్నటి పేజీలో ఏమీ లేదు. కండక్టరమ్మని పిలిచింది.

"రాయలేదేం?"

"ఇక్కడివాళ్ళ గురించే కదండీ అందులో రాసేది."

"ఎక్కడైతేనేం, చూసినవాళ్ళు రాయాలని చెప్పానా లేదా?"

"చెప్పారు. కానీ పని నేర్పిన మనిషి పొట్ట నా చేత్తో ఎలా కొట్టమంటారు?" కండక్టరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నా పొట్ట సంగతి నేను చూసుకుంటా. ఇవాళ నా మొహం చూసి మానేస్తే, రేపు ఇంకెవరి మొహమో చూసి మానేస్తావు. అప్పుడు నేను నీకేం నేర్పినట్టు? రాయి."

రాసింది. మంచానికి కట్టిన గుడ్డ, ఖాళీ నీళ్ళసీసా, మూసిన కిటికీలు, తడిసిన పక్క, అడక్కుండా చాపిన ఎడమచెయ్యి. చివర ఇంకో వాక్యం చేర్చింది: 'ప్రేమతోనే కట్టినట్టున్నారు.' టీచరమ్మ భుజం మీదుగా చదివి ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

"ఇది నువ్వు అనుకున్నది. కొట్టెయ్యి."

కండక్టరమ్మ కొట్టేసింది. టీచరమ్మ ఆ పుస్తకాన్ని దారం విప్పి తనే మేట్రన్ గారి బల్ల మీద పెట్టి వచ్చింది.

మేట్రన్ గారు ఒకటికి రెండుసార్లు చదివింది. "రెండుసార్లు అడిగానే మిమ్మల్ని," అంది చివరికి. అంతకన్నా తిట్టలేదు. ఆ మధ్యాహ్నమే అన్నయ్య మగవాళ్ళ హాల్లో కిటికీ పక్క మంచానికి వచ్చాడు. టీచరమ్మని పాఠాలు చెప్పడం మాన్పించి దుప్పట్ల గదిలో వేశారు. ఇంకొకటి కూడా ఉంది. ఎవరి మీద పుస్తకంలో రాశారో, వాళ్ళు తాము బాధపెట్టిన మనిషితో ఒంటరిగా కూర్చోకూడదు, పక్కన హోమ్ మనిషి ఒకరుండి తీరాలి. కన్నతల్లిని గిల్లిన ఒక కొడుకుని చూశాక ఈ కట్టుబాటు కావాలని పట్టుబట్టింది ఈవిడే. ఇప్పుడు అది తనకే వర్తిస్తుందని మేట్రన్ గారు చెప్పడానికి నీళ్ళు నములుతుంటే, "తెలుసండీ," అని తనే అందుకుంది.

ఇంట్లో మొదటి సాయంత్రం తలుపు తీసి గుమ్మంలో నిలబడిపోయింది. ఏం వినపడలేదు. రేడియో పెట్టింది, కట్టేసింది. అలవాటు కొద్దీ ఇద్దరికి వండి, సగం మర్నాడు తింది. ఇరుగుపొరుగు అన్నయ్య ఏరని అడిగితే, హోమ్‌లో చేర్చానని చెప్పింది. "మంచి పని చేశారు, మీకూ కాస్త తెరిపి," అన్నారు వాళ్ళు. ఆ తెరిపి ఏం చేసుకోవాలో ఆవిడకి తెలియలేదు. ఆదివారాలు మరీ కష్టంగా ఉండేవి. మంచం విప్పి పక్కన పెడదామనుకుని, విప్పితే గది ఇంకా పెద్దదైపోతుందని ఊరుకుంది.

అన్నయ్య మాత్రం కోలుకున్నాడు. వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాడు. గదుల మీద అంకెలు, మందుల అలమర మీద అక్షరాలు అన్నీ పైకి చదివేవాడు. మొదటి వారం, చంటి ఏదని రోజూ అడిగాడు. రెండో వారం ఒకటి రెండుసార్లు అడిగాడు. తర్వాత అడగలేదు. రోజుకి ఒక గంట, దుప్పట్ల గది కోటు వేసుకుని వచ్చే ఆ ముసలావిడకీ, నిచ్చెన పట్టుకున్న తొమ్మిదేళ్ళ పిల్లకీ మధ్య దారి ఆయన తలలో ఎక్కడో తెగిపోయింది.

రెండు నెలలు గడిచాయి. కండక్టరమ్మకి మగవాళ్ళ హాల్లోనే పని ఇచ్చారు. నాలుగింటికి టీచరమ్మ వచ్చేసరికి ఆవిడే స్టూలు లాక్కుని మంచానికి అటుపక్కన కూర్చునేది. ఇద్దరి కళ్ళూ కలిసేవి కావు. ఆ రోజు అన్నయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. టీచరమ్మని చూసి మర్యాదగా సర్దుకుని చోటిచ్చాడు.

"రామ్మా, కూర్చో. ఏ వీధి మీది?"

"పక్క వీధేనండీ." ఆయన మీరని పిలవకపోయినా, కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు గనక, ఈవిడకి 'నువ్వు' అనడానికి నోరు రాలేదు.

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనొక్కదాన్నే."

"అయ్యో. నీకంటూ ఎవరూ లేరా?"

"ఒక అన్నయ్య ఉన్నాడండీ. బోర్డులు రాసేవాడు. పెద్దవాడైపోయాడు."

"ఓహో, మనవాడే," అని ఆయన సంతోషపడ్డాడు. తర్వాత కాస్త ముందుకి వంగి అడిగాడు. "పెద్దవాడన్నావు. మరి బాగా చూసుకుంటున్నావా అన్నయ్యని?"

స్టూలు మీద కండక్టరమ్మ తల దించుకుంది. చూసుకుంటున్నానండీ అంటే సరిపోయేది. కాదనేవాళ్ళు ఆ హాల్లో ఎవరూ లేరు.

"లేదండీ," అంది టీచరమ్మ. "చెయ్యి మంచానికి కట్టేసి పనికెళ్ళేదాన్ని. ఎనిమిది నెలలు."

ఆయన మొహం చిన్నబోయింది. "అయ్యయ్యో. నొప్పెట్టదూ అతనికి?"

"మచ్చ పడలేదండీ."

"మచ్చ సంగతి కాదమ్మా నేనడిగేది. నొప్పెట్టిందా అని అతన్ని అడిగావా?"

"అడగలేదు."

"అదేంటమ్మా. అడగాలి కదూ. అడుగు మరి."

ఆయన ఎడమచెయ్యి దుప్పటి మీద, ఆవిడకి జానెడు దూరంలో ఉంది. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

"నొప్పెట్టిందా అన్నయ్యా?"

ఎవరిని అడుగుతోందో చూద్దామని ఆయన తలుపు వైపు తిరిగాడు.